పని నేర్పే సెంటర్‌కి రెండు స్టార్లు, అందులో ఒకటి వంటావిడకి

ముందే చెప్పేస్తాను, సెంటర్ పేరు రాయను. అక్కడ ఇంకా నాతోటి వాళ్లు పద్దెనిమిది మంది ఉన్నారు. వాళ్ల అమ్మలు పగటిపూట నాలుగు మెతుకులు కుదురుగా తినగలుగుతున్నారంటే ఆ సెంటర్ వల్లే, దాన్ని మూయించాలని నాకేం లేదు. కోనసీమలో ఒక టౌన్, బస్టాండ్ నుంచి నడిచి వెళ్లే దూరం, మేడ మీద రెండు గదులు, కింద వంటగది. మా వైపు వాళ్లకి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. అయితే అయింది.

నా సంగతి కూడా రెండు ముక్కల్లో. 26 ఏళ్లు, రావులపాలెం దగ్గర పల్లె, ఆటిజం, మాట రాదు. చెవులు బాగానే వినిపిస్తాయి, అందరూ అనుకునేదానికంటే బాగా వినిపిస్తాయి, పక్క గదిలో నా గురించి గుసగుసలాడేవి కూడా. మనసులో వాక్యం తయారుగానే ఉంటుంది, నోటి దాకా వచ్చేసరికి ఒక మూలుగో, చిన్నప్పుడు టీవీలో విన్న సబ్బు ప్రకటన ముక్కో బయటికొస్తుంది. ఇంట్లో చిన్నప్పుడు ‘ఈ పిల్ల మాట వినదు’ అనేవారు, మాట విననిది నా నోరండీ. ట్యాబ్ మీద ఒక వేలితో తెలుగులో టైప్ చేస్తాను, అది చదివి వినిపిస్తుంది. మామూలు వాక్యానికి రెండు మూడు నిమిషాలు. ఈ రివ్యూకి పదకొండు రోజులు పట్టింది, అందులో రెండు రోజులు వేలు కూడా మాట వినలేదు.

ఇదంతా వాళ్లమ్మ రాసి ఉంటుందని కొందరికి అనుమానం వస్తుంది. రావడంలో తప్పు లేదు. చెయ్యి పట్టుకుని టైప్ చేయించే పద్ధతులు ఉన్నాయి, అక్షరాల బోర్డు ఎవరో ఎదురుగా పట్టుకుంటే చూపించే పద్ధతులూ ఉన్నాయి, వాటిలో బయటికొచ్చే మాట ఎవరిదన్నది పెద్ద గొడవ, అమెరికాలో స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో ఆ రెండు రకాల పద్ధతులూ వద్దని ప్రకటనలు ఇచ్చింది. నా ట్యాబ్ బల్ల మీద స్టాండులో ఉంటుంది, నన్ను ఎవరూ ముట్టుకోరు, అమ్మ వంటింట్లో ఉన్నా టైప్ చేస్తాను. పక్కన కూర్చుని చూస్తే అయిదు నిమిషాల్లో తేలిపోయే సంగతి ఇది. సెంటర్‌లో మూడేళ్లలో ఆ అయిదు నిమిషాలు ఒక్కరూ కూర్చోలేదు. అనుమానం మాత్రం మూడేళ్లూ దాచుకున్నారు.

2022 జులై వరద తగ్గాక చేరాను. నెలకి 2500 ఫీజు, వ్యాన్‌కి విడిగా, ఉదయం పది నుంచి నాలుగు దాకా. గుమ్మం మీద పెద్ద ఫ్లెక్సీ, ‘ప్రత్యేక అవసరాల యువతకు వృత్తి శిక్షణ, ఉపాధి’ అని. ఆ ఉపాధి అన్న మాట చూసే నేను ఒప్పుకున్నాను. అమ్మ ఫీజు సంగతి మాట్లాడుతుంటే నేను ఆ ఫ్లెక్సీ ముందే నిలబడి చేతులు ఆడిస్తున్నానట, భయపడుతున్నానని అనుకున్నారు.

బాగున్నవి చెబుతాను. బాత్రూములు శుభ్రం, ఆడపిల్లలకి వేరే, లోపల గడియ సరిగ్గా పడుతుంది, తల్లిదండ్రులు మొదట చూడాల్సింది అదే. వ్యాన్ డ్రైవర్ మర్యాదస్తుడు. ఎవర్నీ కొట్టరు. ఇంతకు ముందు నేను వెళ్లిన ఒక చోట కొట్టేవారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. వంట చేసే ఆవిడ సంగతి మాత్రం విడిగా రాయాలి. నాకు అన్నంలో కూర కలిసిపోతే ముద్ద దిగదు, పప్పుచారు గిన్నెలో వేరే ఉండాలి, అప్పడం దానికి తగలకూడదు. అమ్మ ఇది చెప్పడం మర్చిపోయింది. ఆవిడ మొదటి రోజు నా కంచం కేసి చూసి, మర్నాడు మూడు గిన్నెలు తెచ్చి పెట్టింది, ఎవరికీ ఏమీ చెప్పలేదు, నన్ను ఏమీ అడగలేదు. సెంటర్ మొత్తమ్మీద మనిషిని చూసి పని చేసేది ఆవిడ ఒక్కతే అని నాకు అప్పుడే అనిపించింది, మూడేళ్ల తర్వాత కూడా అదే అనిపిస్తోంది. ఒక స్టార్ ఆవిడది.

ఇక శిక్షణ. న్యూస్ పేపర్ కవర్లు, ఫినాయిల్, కొవ్వొత్తులు, కార్తీక మాసం ముందు ప్రమిదలకి రంగులు. ఇలాంటి సెంటర్లన్నిటిలో దాదాపు ఇవే ఉంటాయి, ఎందుకో ఎవరూ అడగరు. ఫినాయిల్ కలిపే రోజు ఆ వాసనకి నా తల పగిలిపోయేది, చెవులు మూసుకుంటే ‘ముక్కు మూసుకోవాలి గానీ చెవులెందుకమ్మా’ అని నవ్వేవారు. నాకు వాసన ఎక్కువైతే శబ్దాలు కూడా పెరుగుతాయి, ఆ రెండిటికీ మధ్య గోడ నాలో సరిగ్గా కట్టలేదు. సరే, అది పక్కన పెట్టండి.

కొవ్వొత్తుల సంగతి చెప్పాలి. నేను చేరిన ఏడాదిన్నరకి, ఒక రోజు మా ఒత్తి దారం అయిపోయి మేడం తన కుట్టు డబ్బాలోంచి నీలం దారం తెచ్చి ఇచ్చారు. ఆ రోజు నేను పన్నెండు పోశాను, పన్నెండిటికీ నీలం ఒత్తి. వారం తర్వాత కరిగించడానికి నా ముందు పెట్టిన మైనం గిన్నెలో నీలం దారం ముక్క తేలింది. తర్వాత ఇంకోటి. నేను పోసినవి అమ్ముతున్నారనో, కనీసం కరెంటు పోయినప్పుడు ఎవరింట్లోనో వెలిగిస్తున్నారనో అనుకున్నాను, గుడికి ఇస్తారేమో అని కూడా అనుకున్నాను. వాటిని మళ్లీ కరిగించి మళ్లీ నాతోనే పోయిస్తున్నారు. సోమవారం చేసింది శుక్రవారం విప్పేసి, మళ్లీ సోమవారం. ఏడాదిన్నరగా నేను ఎన్ని కొవ్వొత్తులు చేశానో ఆ రాత్రి లెక్క వేశాను, లెక్కలు నాకు బాగానే వస్తాయి, తర్వాత ఆ లెక్క ఆపేశాను.

మర్నాడు ట్యాబ్‌లో టైప్ చేసి వినిపించాను: ‘మేము చేసిన కొవ్వొత్తులు ఎవరు కొంటున్నారు?’ ట్యాబ్ గొంతు వార్తలు చదివే ఆవిడలా ఉంటుంది, ఎంత కోపంగా టైప్ చేసినా అదే గొంతు. మేడం నాకు జవాబు చెప్పలేదు, సాయంత్రం అమ్మ వచ్చినప్పుడు అమ్మకి చెప్పారు, నేను పక్కనే ఉన్నాను: ‘అమ్మడానికి ఫినిషింగ్ రాదండీ, మైనం ఖరీదు కదా, ఏదో పిల్లలకి టైమ్ పాస్ అవ్వాలి కదండీ.’ ఆవిడ చెడ్డ మనిషి కాదు. దాచిపెట్టాల్సిన మాట అని కూడా ఆవిడకి తోచలేదు. నాకు బాధ అనిపించింది అందుకే.

ఏప్రిల్ 2 సంగతి కూడా అంతే. ఆటిజం అవగాహన దినం, నీలం బెలూన్లు, నీలం చొక్కాలు, బయటి నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. ఆ రోజు మాత్రం కొత్త మైనం, కొత్త అచ్చులు, నా చేత ఆయన చేతికి ఒక కొవ్వొత్తి ఇప్పించారు, ఫోటో తీశారు. ఆ కొవ్వొత్తి నేను చేసింది కాదు, కొన్నది. ఫోటోలో నేను పక్కకి చూస్తున్నాను, అంటే కిటికీ బయట కొబ్బరి చెట్టెక్కిన దింపు మనిషిని చూస్తున్నాను.

అది ఎందుకు చూశానో చెబితే నాకు పని మీద ఇంత తపన ఎందుకో తెలుస్తుంది. మాది కొబ్బరి ఇల్లు. నాన్నకి ఎకరం పైచిలుకు తోట, దింపు రోజున ఇల్లంతా కదులుతుంది, ఎక్కేవాడు ఎక్కుతాడు, తమ్ముడు రాశి పోస్తాడు, నాన్న లెక్క రాస్తాడు, ఒలిచేవాళ్లు గునపం పాతుకుని కూర్చుంటారు, అమ్మ అందరికీ టీ పెడుతుంది. 80 దాటిన నాయనమ్మ కూడా అరుగు మీద కూర్చుని ఈనెలు చీరి చీపుళ్లు కడుతుంది. ఆవిడ చీపుళ్ల కోసం వీధిలో వాళ్లు వచ్చి అడుగుతారు, ‘ఏమండీ పెద్దమ్మగారూ, నాది ఇంకా అవ్వలేదా’ అని. ఆవిడ విసుక్కుంటుంది, ‘నాకేమన్నా పది చేతులున్నాయా’ అంటుంది, మొహం మాత్రం వెలిగిపోతుంది. ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఇరవై ఆరేళ్లలో ఒక్కరూ, ఒక్కసారీ, ‘నీది ఇంకా అవ్వలేదా’ అని. నాకు ఈనెలు చీరడం చేతకాదు, వేళ్లు అంత సన్నగా తిరగవు, అందుకే దింపు రోజున నాకు కుర్చీ వేసి, ఫోన్‌లో పాటలు పెట్టి ఇస్తారు. ప్రేమతోనే.

మా పెద్ద మామయ్యకి ఇది ఎప్పటికీ అర్థం కాదు. ‘2024 జులై నుంచి వికలాంగుల పింఛను ఆరు వేలు అయింది కదమ్మా, నువ్వు కూర్చున్న చోటికే వస్తుంటే ఇంకా పనెందుకు’ అంటాడు. పింఛను మంచిదే, మూడు వేల నుంచి ఆరు వేలు అవ్వడం వల్లే ఈ సెంటర్ ఫీజూ వ్యాన్ ఖర్చూ పోను ఇంట్లో కాస్త మిగిలింది, దాన్ని తక్కువ చేయను. కానీ మామయ్య కూడా రిటైరయ్యి పింఛను తీసుకుంటున్నాడు, నాలుగు నెలలు ఇంట్లో కూర్చోలేక ఎరువుల కొట్టులో లెక్కలు రాయడానికి కుదిరాడు. ఇది నేను టైప్ చేసి వినిపిస్తే అందరూ నవ్వారు, ఆయన తప్ప.

ఇంకో మాట వింటుంటాను, ‘గవర్నమెంటులో కోటా ఉందిగా’ అని. ఉంది. వికలాంగుల హక్కుల 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, ఆటిజం కూడా అందులో ఉంది, ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం, సర్టిఫికెట్‌లో కనీసం 40 శాతం ఉండాలి. ఆ నాలుగులో ఒక్క శాతం ఆటిజానికీ, మేధో వైకల్యానికీ, మానసిక అనారోగ్యానికీ, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకీ, ఒకటికి మించి వైకల్యాలున్నవాళ్లకీ కలిపి. అంతమంది కలిసి ఆ ఒక్క శాతం దగ్గర నిలబడాలి, ముందు దానికి చదువు ఉండాలి, చదువుకి ముందు స్కూల్లో నన్ను కూర్చోనివ్వాలి. నేను నాలుగో తరగతి దాకా వెళ్లాను. తర్వాత శబ్దాలు చేస్తున్నానని ఇంటికి పంపేశారు. చదవడం బస్సు బోర్డుల మీద, పేపర్ల మీద నేర్చుకున్నాను.

ఫ్లెక్సీ మీద ఉన్న ‘ఉపాధి’ గురించి కూడా అడిగాను లెండి. ఎంతమందికి ఉద్యోగం వచ్చిందని. ఒకబ్బాయికి జిరాక్స్ షాపులో పెట్టించామన్నారు. ఎవరి షాపని అడిగితే అది ఆ అబ్బాయి బాబాయిదే.

ఇప్పుడు పోల్చి చూడ్డానికి ఇంకో చోటు గురించి రాస్తాను, రివ్యూ చదివేవాళ్లకి కొలత ఉండాలి కదా. కడియపులంక వైపు ఒక నర్సరీ. ఇది సెంటర్ కాదు, మామూలు నర్సరీ. రావులపాలెంలో బస్సెక్కితే గౌతమి వంతెన దాటి, జొన్నాడ మీదుగా హైవే మీదే వస్తుంది. అమ్మకి పూల మొక్కలు కావాలని పోయినేడు మే నెలాఖరులో వెళ్లాం. అక్కడ ఒంటి రేకుల నందివర్ధనం వరుసకి ముద్ద నందివర్ధనం అన్న చీటీ ఉంది. పూలు విచ్చుకుని ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు, నేనేం గొప్ప కనిపెట్టలేదు. నాకు చీటీ ఒకటీ వస్తువు ఒకటీ ఉంటే పంటి కింద రాయిలా ఉంటుంది, కదల్లేను. అక్కడే నిలబడి టైప్ చేశాను. ఓనరు గారు ముందు అమ్మని అడిగారు, ‘పాప ఏమంటుందండి?’ అని. అమ్మ ‘ఆగండి, అదే చెబుతుంది’ అంది. ఆయన ఆగారు. పైపు పట్టుకుని నీళ్లు పెడుతూ ఆగారు, రెండు మడులు తడిశాయి. ట్యాబ్ ‘ఈ చీటీ తప్పు’ అని చదివింది. ఆయన చూసి, చీటీ పీకి, ‘ఇంకెక్కడన్నా ఉన్నాయా?’ అన్నారు నాతో. నా మొహం చూసి అన్నారు.

సాయంత్రం దాకా ఉన్నాం. ఇంకో ఆరు దొరికాయి.

జూన్ నుంచి నాలుగు నెలలు వారానికి అయిదు రోజులు ఒంటిపూట వెళ్లాను, పూటకి 200. వానాకాలం మామిడి అంటు కట్టే పని జోరుగా ఉంటుంది. టెంక నుంచి మొలిచిన మొక్క కోసి, దానికి మంచి రకం చెట్టు పుల్ల అతికి, ప్లాస్టిక్ రిబ్బను చుడతారు. ఆ పుల్లలు కట్టలుగా వస్తాయి, బంగినపల్లి, సువర్ణరేఖ, కొత్తపల్లి కొబ్బరి, పుల్లలు మాత్రం అన్నీ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. అంటు కట్టిన మొక్కకి చీటీ పడకపోతే అది ఏ రకమో కాయ కాసేదాకా, అంటే మూడు నాలుగేళ్ల దాకా తేలదు. ఆ చీటీలు నా పని. రాయడం, కట్టడం, వరుస పుస్తకంలో ఎక్కించడం. మార్కర్‌తో రాస్తే ఎండకి తెల్లబోతోంది, పెన్సిల్ అయితే ఎండకీ వానకీ పోదు, అది నేను చెప్పాక ఇప్పుడు అందరూ పెన్సిలే వాడుతున్నారు. రోజుకి మూడొందల చీటీలు, ఒక్కలాగే, ఒకే కొలతలో. ఇంకెవరికైనా పిచ్చెక్కుతుందేమో. నాకు అది వరద తగ్గాక వచ్చే గాలిలా ఉండేది.

సంచుల్లో మట్టి నింపే అక్కలు మొదటి వారం నాతో మాట్లాడలేదు. ట్యాబ్ గొంతుని చూసి నవ్వు ఆపుకునేవారు, ‘టీవీ ఆవిడ వచ్చిందే’ అనేవారు. అప్పుడు నేను ఒక మీట తయారు చేసుకున్నాను, నొక్కితే ‘ఆయ్’ అంటుంది, అంతే, మన గోదావరి వాళ్ల ‘ఆయ్’. ఎవరేం చెప్పినా నొక్కేదాన్ని. ‘టీ తాగుతావా పిల్లా’, ‘ఆయ్’. ‘ఆ గంప ఇలా జరుపుతావా’, ‘ఆయ్’. రెండో వారానికి ఒకావిడ వాళ్లాయన మీద చాడీలు కూడా నాకు చెప్పడం మొదలుపెట్టింది, తిరిగి ఎవరికీ చెప్పననే నమ్మకమేమో.

ఆగస్టులో ఒక రోజు మోటారు పక్కనే ఆన్ చేశారు. ఆ శబ్దానికి నా తల ఖాళీ అయిపోయింది, చేతులు మాత్రం ఆగలేదు. బంగినపల్లి మడిలో నలభై మొక్కలకి సువర్ణరేఖ చీటీలు కట్టేశాను. మేస్త్రి గారు చూశారు. ‘కళ్లెక్కడ పెట్టుకున్నావే పిల్లా, నాలుగేళ్ల తర్వాత రైతు వచ్చి నా గుమ్మంలో కూర్చుంటే నువ్వొచ్చి జవాబు చెబుతావా’ అని అందరి ముందూ అరిచారు. నేను చెవులు మూసుకుని పాకలో కూర్చుండిపోయాను, ఒక అరగంట. తర్వాత వరుస పుస్తకం తీసి నలభైకి నలభై విప్పి మళ్లీ కట్టాను, చీకటి పడింది, తమ్ముడు బండి మీద వచ్చి తీసుకెళ్లాడు. ఇంటికొచ్చి ఏడ్చాను, అమ్మ హడలిపోయి రేపటి నుంచి వద్దులే అంది. అప్పుడు టైప్ చేశాను: ‘నన్ను తిట్టారు. పని తప్పు చేశానని తిట్టారు.’ అమ్మకి అర్థం కావడానికి కాస్త టైమ్ పట్టింది. సెంటర్‌లో మూడేళ్లలో నా పనిలో ఒక్క తప్పు కూడా ఎవరూ పట్టలేదు. ఎలాగూ కరిగించేసే కొవ్వొత్తి వంకరగా ఉంటే మాత్రం ఎవరికేంటి, ‘గుడ్, వెరీ గుడ్’ అని చప్పట్లు కొట్టేవారు.

నర్సరీలో లోపాలు కూడా రాస్తాను, లేకపోతే రివ్యూ ఎలా అవుతుంది. బాత్రూమ్ లేదు, పక్కింటి వాళ్లది అడగాలి, ఇది పెద్ద ఇబ్బంది, ఈ విషయంలో సెంటర్ వంద రెట్లు నయం. దోమలు. వానొస్తే కూర్చోవడానికి ఒక్క పాకే. మోటారు ఎప్పుడు వేస్తారో ముందు చెప్పమని అడిగాను, ఇప్పుడు చెబుతున్నారు, నాలుగుసార్లలో ఒకసారి మర్చిపోతారు. అంటు సీజన్ అయిపోయాక రోజూ పని లేదు, ఇప్పుడు వారానికి ఒక్క రోజు, శనివారం, స్టాకు లెక్క చూడ్డానికి వెళ్తున్నాను. మిగతా ఆరు రోజులు ఇంట్లోనే. ఆ ఆరు రోజులు చాలా పొడుగ్గా ఉంటున్నాయి.

పోయిన శనివారం ఒంట్లో బాగోక వెళ్లలేదు. పదకొండు గంటలకి అమ్మ ఫోన్ మోగింది. ‘ఏమండీ, పాప రాలేదేంటండి, ఇక్కడ కాగితం పూల లెక్క తేలక కూర్చున్నాం’ అన్నారు ఓనరు గారు. అమ్మ స్పీకర్‌లో పెట్టింది. జ్వరంలోనే ట్యాబ్ లాక్కుని ‘ఆయ్’ నొక్కాను, దేనికి నొక్కానో నాకే తెలీదు.

సరే, సెంటర్ దగ్గరికే వస్తాను. చేర్పించాలనుకునే తల్లిదండ్రులు ఫ్లెక్సీ చూడకండి, వెనక గదిలోకి వెళ్లి పిల్లలు చేసిన సరుకు ఎక్కడికి పోతోందో చూడండి, కొన్నవాళ్ల పేరు ఒక్కటి చెప్పమనండి. మీ అబ్బాయో అమ్మాయో టైప్ చేస్తారంటే అక్కడే పక్కన కూర్చుని చూడమనండి, టైమ్ లేదంటే ఆ టైమ్ ఎప్పటికీ ఉండదు. ఇంట్లో ఊపిరి సలపక, పగలు పిల్లని సురక్షితంగా ఉంచే చోటు చాలు అనుకుంటే మాత్రం నిస్సందేహంగా పంపండి, అది తప్పు కాదు, మా అమ్మకీ ఆ మూడేళ్లు నడుం వాల్చే వీలు దొరికింది. రెండో స్టార్ దానికే.

నవంబర్‌లో మేడంకి మెసేజ్ పెట్టాను. వచ్చే జూన్‌లో అంటు సీజన్‌కి చీటీలకి ఇంకో ఇద్దరు కావాలని ఓనరు గారు అన్నారు, మన సెంటర్‌లో కవర్లు అంచు తప్పకుండా మడిచే అబ్బాయి ఒకడున్నాడు, నాకంటే నీటుగా చేస్తాడు, అతన్ని నాతో పంపండి, నేను నేర్పుతాను అని రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. వస్తే ఈ రివ్యూ మార్చి మూడు స్టార్లు చేస్తాను.